నగరపు మేడకు సొమ్మెవ్వరిది?

ప్రజల సొమ్ముతో లేచిన కట్టడమునకును ఆయుర్దాయము కలదు. అది తీరిన పిదప క్రొత్తది కట్టక తప్పదు. అందులకు ద్రవ్యమెచ్చటనుండి వచ్చునను ప్రశ్న మాత్రము పైకప్పు పెచ్చులూడు దినమువఱకు మన పాలకులకు తోచుట లేదు.

కృష్ణాతీరవాసులకిది క్రొత్త పాఠము కాదు. 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట దాదాపొక శతాబ్దము డెల్టాను పోషించి 1952లో గండిపడెను. ఆ తరువాతనే 1954లో నూతన నిర్మాణమారంభమై, 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియయ్యెను. హైదరాబాదు కథయు ఇట్టిదే. 1908 నాటి మూసీ వఱద తరువాత నిర్మితమైన ఉస్మానియా ఆసుపత్రి భవనమును తొలగించి క్రొత్తది కట్టవలెనని ప్రభుత్వము 2015లో తలపెట్టెను. అది ప్రాచీన కట్టడమని పలువురడ్డుచెప్పిరి; వివాదము న్యాయస్థానమున కెక్కెను. 2020 జూలైలో వాననీరు వార్డులలో చొచ్చుటతో భవనమును ఖాళీచేసిరి. గోషామహలులో నూతన ఆసుపత్రికి శంకుస్థాపన 2025 జనవరిలోగాని జరుగలేదు. ఈ జాప్యములో రోగులు పడిన బాధకు ఏ బడ్జెటులోను పద్దు లేదు.

ఆనకట్టయు, పెద్దాసుపత్రియు ఒక్క నగరమునకు చెందినవి కావు. జిల్లాలకు జిల్లాలే వాని ఫలమనుభవించుచున్నవి. వాని భారమును రాష్ట్ర ఖజానా వహించుట న్యాయము. కాని నగరపు కార్యాలయమునకు, అంగడికి, పురమందిరమునకు సయితము అదే ఖజానాను ఆశ్రయించుట తగునా? ఖజానా ఆకాశమునుండి ఊడిపడినది కాదు. తిరువూరు ప్రాంతమున నెమలి గ్రామపు రైతు ఎరువు బస్తాపై చెల్లించు పన్నుకూడ అందులోనిదే. తన ఊరి బడి కప్పు కారినపుడు పట్టించుకొనని నగరపు మేడకు అతడేల చందా ఈయవలయును?

అట్లని యావద్భారమును ఒక్క యేటి ఇంటిపన్నుపై మోపరాదు. ఏబదియేండ్లు నిలుచు భవనమును ఏబదియేండ్లవారును కలిసి భరింపవలయును. ఇందులకు ఋణమే మార్గము. అహమ్మదాబాదు నగరము 1998లో రాష్ట్రప్రభుత్వపు హామీ లేకయే 100 కోట్ల రూపాయల ఋణపత్రములను విక్రయించెను. హైదరాబాదు నగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో నూటికి 8.90 వడ్డీపై 200 కోట్లు సేకరించెను. ఆ సొమ్ము మొదటి నగరమున నీటి పనులకును, రెండవదానిలో రహదారులకును ఉద్దేశింపబడినది. భవనములకును ఆ త్రోవయే చాలును.

అయితే అప్పు వరమగుటయు, ఉరియగుటయు కట్టుబాటుపై ఆధారపడియుండును. ఇంటిపన్ను సక్రమముగా వసూలు కాని ఊరిని నమ్మి తక్కువ వడ్డీకి అప్పిచ్చువాడెవ్వడు? ఏటేట ఋణము తీర్చుటకు కొంత, మరమ్మతులకు కొంత తీసి వేఱుగా నుంచవలయును. ఆ నిధులను ఇతర వ్యయములకై తాకరాదు. లెక్కలను ప్రజలయెదుట ఉంచవలయును. ఈ పాటి నియమము నాడే యుండినచో ఎన్నో భవనములు ఇంత త్వరగా శిథిలమై యుండెడివి కావు.

పురజనులారా! క్రొత్త మేడ కావలెనని కోరుటకు ముందు పన్ను చెల్లించుటకు సిద్ధపడుడు. చెల్లించిన పిమ్మట లెక్క యడుగుటకు వెనుదీయకుడు.