కుదుపే పౌరుషమా?

మా తమ్ముడు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళని బడికి దింపడానికి బస్సంత కారుంది. అవి చాలవన్నట్టు ఇంకో కారు కొన్నాడు. మాజ్డా మియాటా. ఇద్దరే పడతారు. దానికి ముప్పై ఏళ్ళ వయసు. మీట నొక్కితే ముందు దీపాలు కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకూ ముద్దొచ్చింది.

కిందటేడు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆ ముద్దులకారుకి ‘కాయిలోవర్లు’ బిగించి ఉన్నాయి.

“అంటే ఏమిట్రా?”

“షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉంటుందక్కా. మర తిప్పి కారు ఎత్తు మార్చుకోవచ్చు. పక్కన గుండీ తిప్పి గట్టిదనం మార్చుకోవచ్చు. ముప్పై రెండు క్లిక్కులు!”

“ఎంతయింది?”

“పదహారు వందలు” అన్నాడు, డాలర్లనే మాట మింగేసి. మా మరదలు వంటగదిలోంచి గిన్నె చప్పుడు చేసింది.

కారు నేలకి కరుచుకుపోయి ఉంది. చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య వేలు దూరదు. అదే అందమట! వీధి మలుపులో స్పీడు బ్రేకరు దాటితే కింద కర్రుమని గీసుకునేది. గతుకు వస్తే పళ్ళు టకటకలాడేవి. రెండో కాన్పు నుంచీ నడుం నొప్పితో బాధపడుతున్న మా మరదలు ఒక్కసారి ఎక్కి, “నాకొద్దు వదినా ఈ రోలు” అని దణ్ణం పెట్టేసింది.

“స్పోర్ట్స్ కారంటే అంతే” అన్నాడు వాడు, గర్వంగా.

ఇదిగో, ఈ మాట మీదే నా పేచీ. “అంతే” అన్నదెవరు?

మా అమ్మమ్మ ఎడ్లబండి ఎక్కేముందు గడ్డి దట్టంగా పరిపించి, పైన బొంత వేయించేది. స్ప్రింగన్న మాటే ఎరగని మనిషికి తెలిసిన సంగతి, ఇంజనీరింగు చదివినవాడికి ఎందుకు తెలియలేదు? ఒళ్ళు హూనమైతే అది వేగమనీ, గట్టిగా ఉంటే అది మగతనమనీ వీళ్ళకెవరు నేర్పారు? “నువ్వు బి.ఏ. తెలుగు చదివావు, నీకెందుకక్కా ఇవన్నీ” అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే నేను ఊరుకునేదాన్నేమో!

ఒక ఆదివారం బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాం, వాడూ నేనూ. 287 నంబరు రోడ్డు దిగే మలుపులో సన్నగా తుంపర. ముప్పై అయిదు మైళ్ళకి మించి లేదు వేగం. సరిగ్గా మలుపు మధ్యలో వంతెన అతుకు వచ్చింది. కారు వెనకభాగం ఎగిరి పక్కకి జారింది. ముక్కు కమ్మీల వైపు తిరిగింది. వాడు ఎలాగో సంబాళించాడు. నా ఒళ్ళో కొబ్బరికాయల సంచీ కాళ్ళ దగ్గర పడింది. రెండు నిమిషాలు ఇద్దరం మాట్లాడలేదు.

తర్వాత వాడన్న మొదటి మాట ఏమిటో తెలుసా? “ఛ! ఈ రోడ్లు బాగా లేవక్కా.”

అవునురా, బాగా లేవు! ఆ దేశంలో చలికాలం మంచు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రోడ్లు పగుల్తాయి. వాటి మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నువ్వు మురిసిపోయే మరల్ని కరిచిపట్టేస్తుంది, కడగకపోతే రెండేళ్ళకి తిరగనే తిరగవు. నువ్వు బతికేది ఆ రోడ్ల మీదే కదా! కారుని వాటికి తగ్గట్టు తయారుచేసుకోవాలా, రోడ్లొచ్చి నీ కారుకి క్షమాపణ చెప్పాలా?

ఆ రాత్రి నుంచీ నేను చదవడం మొదలుపెట్టాను. నవలకి సామగ్రి పోగుచేసే మనిషిని, వారం రోజులు చాలవూ!

తెలిసిందేమిటంటే అమ్మా, ఇది బ్రహ్మవిద్య కాదు. కారుని నేలకి పట్టి ఉంచేది టైరు ఒక్కటే. గతుకు రాగానే చక్రం లేవాలి, దాటగానే మళ్ళీ దిగి నేలని పట్టుకోవాలి. స్ప్రింగు పని అది. ఆ స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా ఆపడం షాక్ అబ్జార్బర్ పని. స్ప్రింగు మరీ గట్టిదైతే చక్రం లేవడం మాని కారునే ఎగరేస్తుంది. గాల్లో ఉన్న టైరుకి ఏ పట్టు ఉంటుంది? నున్నటి పందెం బాటలో, పందెం టైర్ల మీద గట్టి స్ప్రింగుకి అర్థం ఉంది, కాదనను. మామూలు కారు సెకనుకి ఒకసారో కాస్త ఎక్కువో ఊగేలా చేస్తారు. పందెం కారు రెండుసార్లు, ఇంకా పైన. పిల్లని ఉయ్యాల్లో వేసి సెకనుకి రెండుసార్లు ఊపి చూడండి, నిద్రపోతుందేమో!

మా వాడి డబ్బా మీద ‘ముందు పది కిలోలు, వెనక ఎనిమిది’ అని ఉంది. అంటే ముందు స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగాలంటే పది కిలోల బరువు కావాలి. దాని నెత్తిన పాతిక కిలోల బియ్యం బస్తా వేస్తే రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుందన్నమాట. వెయ్యి కిలోలకి అటూ ఇటూగా తూగే బుల్లికారుకి, కొబ్బరికాయలు తెచ్చుకునే కారుకి, ఇది అవసరమా?

ఇంకో తమాషా. 1989లో షికాగో ప్రదర్శనలో బయటపెట్టిన నాటి నుంచీ ఈ మియాటాకి షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండనే ఉంది! వాడు కొత్తగా కొన్నది తిరిగే మరా, గుండీ మాత్రమే. పైగా ఈ కారుని తయారుచేసినవాళ్ళ మనసులో ఉన్నది 1962లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళ లోటస్ ఎలాన్. మలుపుల్లో దాన్ని మించింది లేదని పేరు తెచ్చుకున్న కారు అది. దాని స్ప్రింగులు మెత్తనివి! రౌతూ గుర్రమూ ఒకటే కావాలని మాజ్డావాళ్ళు జపాను భాషలో ఓ మాట చెప్పుకుంటారు. మా వాడి గుర్రం రౌతునీ, వెనక కూర్చున్నదాన్నీ కలిపి తంతోంది.

ఎవరో స్నేహితుడు చెబితే ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. కుర్రతనంలో పందేలు తోలినవాడట. ఆయన గుండీ తిప్పలేదు, క్లిక్కులు లెక్కపెట్టలేదు. మొదట అడిగింది, “పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?” అని. నేను మా తమ్ముడి కేసి చూశాను. వాడు కారు కేసి చూశాడు.

కిందికి దూరి చూపించాడాయన. స్ప్రింగు పూర్తిగా కుంగిపోకుండా లోపల ఓ రబ్బరు ముక్క ఉంటుంది, ఆఖరి దిండు లాంటిది. అది నలిగి చీలిపోయింది. కారుని అంత కిందికి దించాక చక్రం లేవడానికి వేలెడు జాగా కూడా మిగల్లేదు. మలుపులో వంగినప్పుడే రబ్బరు మీద కూర్చుంది, అతుకు తగలగానే బండలా ఎగిరింది. ఆ ఆదివారం జరిగింది అదీ!

మా వాడి నమ్మకాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మర బిగించి స్ప్రింగుని ముందే నొక్కి ఉంచితే గట్టిపడుతుందనుకున్నాడు. గట్టిపడదు, దాని గుణం దానిదే. గుండీ పూర్తిగా బిగిస్తే పట్టు పెరుగుతుందనుకున్నాడు. పెరగదు సరికదా, ఒక గతుకులో కుంగిన స్ప్రింగు తేరుకునేలోపే రెండోది వస్తుంది, కారు మెట్టుమెట్టుగా కిందికి పాకుతుంది. చక్రాలు వేలాడుతుండగానే లోపలి రబ్బరు బుష్‌ల బోల్టులు బిగించాడు. కారు నేల మీద నిలబడ్డాక బిగించాలట, లేకపోతే అవి మెలిపడి ఉండిపోతాయి. ఎత్తు మార్చాక చక్రాల వాలు సరిచేయించలేదు. టైర్ల లోపలి అంచు ఒకవైపే అరిగిన చెప్పులా ఉంది.

ఆయన ముందు ఆరు కిలోలు, వెనక నాలుగు కిలోల స్ప్రింగులు వేయించాడు. కారుని అంగుళంన్నర లేపాడు. చక్రం మధ్య నుంచి రేకు అంచు దాకా కొలిచాడు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతుందట. తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టాడు. కుంటి మంచానికి ఓ కోడు కింద చెక్క పెడితే ఎదుటి మూల కోడు మీద కూడా బరువు పడదూ, అలాగే ఒక మూల మర తిప్పితే ఎదుటి మూల బరువూ మారుతుంది.

ఇక్కడే నాకు ప్రాణసంకటం వచ్చింది. తూకం వేసేటప్పుడు సీట్లలో మనుషుల బరువు ఉండాలిగా. పందెం కారుకి డ్రైవరు బరువొక్కటే చాలు. ఇది అలాంటిది కాదు గనక, “మీ బరువెంత?” అన్నాడు నన్ను. నలభై అయిదేళ్ళొచ్చాయి, మా ఆయనకి కూడా చెప్పని అంకె అది! “మా మరదలి బరువు పెట్టండి, రోజూ కూర్చోవలసింది ఆ పిల్ల” అని తప్పించుకున్నాను.

పాత కారుకి ఏమీ మార్చవద్దని నేననడం లేదు. ముప్పై ఏళ్ళ షాక్ అబ్జార్బర్ నూనె కారి చచ్చి ఉంటుంది, మార్చాల్సిందే. కానీ కొనేముందు క్లిక్కులెన్నని అడగకండి, చక్రం లేవడానికి జాగా ఎంతుందని అడగండి. ఆ షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగుకి తగ్గదేనా, పాడైతే విప్పి బాగుచేస్తారా, అడగండి. ఆ ఇంట్లో నడుం నొప్పి ఎవరికుందో కూడా కనుక్కోండి. పదహారు వందలు ఖర్చుపెట్టేముందు పక్క సీటు మనిషిని ఒక్క మాట అడగడానికి ఏం ఖర్చవుతుంది?

నేను తిరిగొచ్చే ముందు ఆదివారం వాళ్ళిద్దరూ గుడికి వెళ్ళొచ్చారు, అదే రోడ్డు మీద, అదే కారులో. మరదలు దిగి నడుం పట్టుకోలేదు. ఎన్నో క్లిక్కు మీద ఆగాలో చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటించింది, ఎవరూ ముట్టుకోకుండా.

తమ్ముడు మాత్రం ఫోన్లో స్నేహితులతో “కారు కొంచెం ఎత్తుగా కనిపిస్తోందిరా” అని ఇంకా మూలుగుతూనే ఉన్నాడట.