పంతొమ్మిదేళ్ల వాళ్లు రాత్రి ఎక్కడికి పోవాలి?

సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రోజు మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. జూబ్లీహిల్స్ పబ్బా, గచ్చిబౌలి పబ్బా? అసలు మనలో 21 నిండినవాళ్లు ఎంతమంది అని మాత్రం ఎవరూ అడగలేదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. మాకు 19. ఓటు వేయొచ్చు, బీరు కొనకూడదు. ఆ రూల్ మీద నాకేం కంప్లయింట్ లేదు, నిజంగానే. నా కంప్లయింట్ వేరే ఉంది.

పబ్ సంగతి వదిలేసి, నేనూ నా ఫ్రెండూ బషీర్‌బాగ్ కేఫ్ బహార్‌లో బిర్యానీ తిని నడక మొదలుపెట్టాం. నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా. టైమ్ పది దాటింది. బట్టల షాపులు, మెడికల్ షాపులు ఒక్కొక్కటే షట్టర్లు దించేస్తున్నాయి. వైన్స్ ముందు మాత్రం జనం తగ్గలేదు. పక్కన బార్ బోర్డు ధగధగా వెలుగుతోంది. సిటీలో బార్లకి అర్ధరాత్రి దాకా టైముంది, శుక్ర, శనివారాల్లో ఒంటి గంట దాకా.

అశోక్‌నగర్ వైపు తిరిగితే ఇంకో లోకం. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదివేవాళ్ల హాస్టళ్లలో ప్రతి కిటికీలోనూ లైటే. చదివి చదివి బుర్ర వేడెక్కి ఒక టీ కోసం కిందికొస్తారు. వాళ్లు వచ్చే టైముకి టీ కొట్టాయన షట్టర్ సగం దించి, లోపల్నుంచి కప్పులు అందిస్తున్నాడు, ఏదో దొంగసరుకు అమ్ముతున్నట్టు! 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి శాసనసభలోనే చెప్పారు, హైదరాబాద్‌లో మద్యం తప్ప మిగతా దుకాణాలు రాత్రి ఒంటి గంట దాకా తెరుచుకోవచ్చని. ఆ మాట మా గల్లీ టీ కొట్టు దాకా ఇంకా రాలేదేమో. మందు తాగేవాళ్లకి ఏసీలో కుర్చీ, టీ తాగేవాళ్లకి సగం షట్టర్. ఇదేం లెక్క?

సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లు పక్కపక్కనే ఉన్న సెంటర్ అది. సెకండ్ షో వదిలేసరికి మెట్రో ఆఖరి రైలు వెళ్లిపోయి ఉంటుంది. ఇక ఆటోవాళ్లు అడిగిందే రేటు.

అన్నిటికన్నా నాకు గుచ్చుకున్నది వేరే. అంత దూరం నడిచాం కదా, ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి ఒక్కతీ కనిపించలేదు. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చిక్కడపల్లి హాస్టల్‌లోనే ఉంటుంది. తొమ్మిదికే గేటుకి తాళం. "మీరు తిరిగితే నైట్‌లైఫ్. నేను తిరిగితే వార్డెన్ మా నాన్నకి ఫోన్" అంది.

రాత్రంతా తెరిచి ఉంచితే గొడవలు పెరుగుతాయి అంటారు పెద్దవాళ్లు. నాకైతే ఉల్టా అనిపిస్తుంది. టిఫిన్ సెంటర్, టీ కొట్టు, జిరాక్స్ షాపు తెరిచి ఉన్న రోడ్డు మీద భయం తక్కువ. అన్నీ మూసేసి బార్ ఒక్కటే వెలిగే రోడ్డు మీద అమ్మాయే కాదు, నేనూ గబగబా నడుస్తాను. పబ్బుల లిస్టులు షేర్ చేసుకునే బదులు మనం అడగాల్సినవి ఇవే: టీ కొట్టుకి భయం లేని పర్మిషన్, సెకండ్ షో వదిలాక ఒక సిటీ బస్సు, ఆడవాళ్లకి రాత్రిపూట కూడా తెరిచి ఉండే బాత్రూమ్.

సుదర్శన్ ముందు నిలబడి ఆ అమ్మాయికి వీడియో కాల్ చేశాం. కెమెరా రోడ్డు వైపు తిప్పమంది. తిప్పాం.

"అంతేనా? ఏం లేదు కదా అక్కడ" అంది. కానీ కాల్ మాత్రం చాలాసేపు కట్ చేయలేదు.