పేరు ఒకరిది, నిప్పు ఇంకొకరిది



వార్షికోత్సవ సంచికకు పింగాణీ గురించి రాస్తానంటే హాస్టల్ తమ్ముళ్లు నవ్వారు. "స్టీలు పళ్లేల్లో తినేవాళ్లం, మనకు పింగాణీ ఎందుకన్నా?" అన్నారు. నేను చదువుతున్నది ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి. మా అమ్మానాన్నలు ఇటుక బట్టీ పనివాళ్లు. పీజీలో చేరిన రోజు ఫారంలో నాన్న వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. ఆ అబద్ధం ఎందుకు రాశానో పింగాణీ చరిత్ర చదివాక నాకు కొంత అర్థమైంది.

ఐరోపాలో అసలైన పింగాణీని ఎవరు కనుగొన్నారంటే బోట్గర్ అని ఒక్క పేరు చెబుతారు. ఆయన మందుల షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు. బంగారం చేస్తానని గొప్పలు పోతే 1701లో సాక్సనీ పాలకుడు అగస్టస్ పట్టి బంధించాడు. బంగారం ఎలాగూ రాలేదు. చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్త అప్పటికే పెద్ద అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి మట్టినీ రాళ్లనూ కరిగించి చూస్తున్నాడు. బోట్గర్‌ను ఆయన దగ్గర పనికి పెట్టారు. ఫ్రైబర్గ్ గనుల నుంచి కార్మికులను తెచ్చి కొలిమి దగ్గర నిలబెట్టారు. 1708 జనవరి నాటి నోటు పుస్తకంలో వాళ్లు కలిపిన మట్టి పాళ్లు ఉన్నాయి. ఆ అక్టోబరులో చిర్న్‌హౌస్ చనిపోయాడు. 1710లో మైసెన్ కోటలో ఫ్యాక్టరీ పెట్టారు. ఘనత బోట్గర్‌దా, చిర్న్‌హౌస్‌దా అని చరిత్రకారులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ గని కార్మికుల తరఫున వాదించేవాళ్లు నాకు కనిపించలేదు.

ఇంతా చేసి, చైనావాళ్లకు ఇది అప్పటికే వందల ఏళ్లుగా చేతనైన పని. జింగ్‌డెజెన్ పట్టణం పక్కనున్న గావోలింగ్ గుట్ట పేరు మీదే ఆ తెల్లమట్టికి కయోలిన్ అని పేరొచ్చింది. కయోలిన్ ఒక్కటే అయితే కొలిమిలో కరగదు. అందుకని దానిలో ఒక రకం రాతి పొడి కలుపుతారు. సుమారు 1300 డిగ్రీలు దాటాక ఆ రాయి కరిగి గాజులా మారి మట్టి సందులన్నీ నింపుతుంది, కయోలిన్ ఆకారం జారిపోకుండా నిలబెడుతుంది. అందుకే పింగాణీ కప్పు నీళ్లు పీల్చదు, పలచగా చేస్తే వెలుతురు కూడా దాటుతుంది. (మన ఆవకాయ జాడీని పింగాణీ అంటాం గానీ అది ఎక్కువగా స్టోన్‌వేరే. పచ్చడికి వచ్చిన లోటేం లేదనుకోండి.)

ఈ విషయాలు ఐరోపాకు వివరంగా చేరవేసినవాడు దాంత్రకోల్ అనే ఫ్రెంచి మతబోధకుడు. 1712లో ఒకటి, 1722లో ఒకటి, రెండు ఉత్తరాలు రాశాడు. తన బోధ విని క్రైస్తవంలో చేరిన పింగాణీ పనివాళ్లను అడిగి తెలుసుకున్నాడు. ఒక్కో పాత్ర డెబ్బై మంది చేతుల మీదుగా వెళ్తుందని ఆయనే రాశాడు. రాయి మాత్రమే తీసుకెళ్లి మట్టి సంగతి మరిచిన పరదేశీయులను చూసి అక్కడివాళ్లు, ఎముకల్లేకుండా మాంసంతో ఒళ్లు నిలబెడతారట అని నవ్వుకున్నారట. ఇంత కెమిస్ట్రీ తెలిసి నవ్విన ఆ మనిషి పేరు ఉత్తరంలో లేదు.

జింగ్‌డెజెన్‌లో కొలిమి వేడి కొలవడానికి ఏ సాధనమూ లేదు. కన్నం పెట్టిన చిన్న మట్టి ముక్కను లోపల ఉంచి, నడుమ ఇనుప కొక్కెంతో బయటికి లాగి, ఎంత కాలిందో చూసేవారు. మంట రంగు చూసేవారు. ఇది చదువుతుంటే నాకు మా నాన్నే కనిపించాడు. బట్టీ మీద నిలబడి, కన్నం మూత తీసి, మంటను ఒక్క క్షణం చూసి "ఇంకో పూట మండాలి" అంటాడు. ఆ మాట తప్పగా నేను చూడలేదు. అదే పని నేను ల్యాబ్‌లో మీట నొక్కి చేస్తే మార్కులు వేస్తారు.

అలాగని రాసిపెట్టడం చిన్న పని అనను. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ కుమ్మరి ఇంట్లో పుట్టి, పసివయసులోనే బడి మాని చక్రం పట్టాడు. మట్టి ముక్క కాలితే ఎంత కుంచించుకుపోతుందో కొలిచి కొలిమి వేడి చెప్పే సాధనాన్ని 1782లో చూపించాడు. మరుసటేడే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. కుమ్మరి చేతికి తెలిసినదాన్ని అంకెల్లోకి తెచ్చాడు కాబట్టే అది నా దాకా వచ్చింది. రాయనిది మనిషితోపాటే పోతుంది. నా బాధ అదే.

అందుకే సంచిక కమిటీకి ఒక మాట. వచ్చే ఏడాది నుంచి కొన్ని పేజీలు మన అమ్మానాన్నల పనికి కేటాయించండి. తోలు ఊనడం, తాటి చెట్టెక్కడం, నాటు వేయడం, బావి తవ్వడం, ఏ పనైనా ఎలా చేస్తారో వాళ్ల పేరుతో, వాళ్ల మాటల్లో వేయండి. సీనియర్లు కూడా రాయాలి, ఉద్యోగాలొచ్చిన అన్నలు ముందు రాయాలి. నేను మా నాన్నది మొదలుపెట్టాను. మంట రంగుల దగ్గర ఆగిపోయాను. ఆయన ఏడు రంగులు చెప్పాడు. అందులో రెండింటికి నాకు పేర్లు తెలియలేదు. సెలవులకు వెళ్లినప్పుడు బట్టీ దగ్గర పక్కన నిలబడి అడగాలి.