అట్ట మీద ఎవరి ముఖం?

ఖమ్మం జిల్లాలో ముదిగొండకు పొరుగు మండలం నేలకొండపల్లి. రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. అక్కడినుంచి భద్రాచలం దాకా ఏ ఇంట్లో చూసినా ఒక రామదాసు కీర్తనల క్యాసెట్ కనిపించిన కాలం మాకింకా గుర్తే. అలాంటిదొకటి ఇప్పుడు మా బల్ల మీద ఉంది. టేపు ఎప్పుడో చిక్కుపడి పోయింది, కవరు మిగిలింది. అరచేయంత అట్ట. మధ్యలో ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న భద్రాద్రి రాముడు, వెనక గుడి గోపురం, కింద ఒక మూలన పాడినాయన ఫొటో, పావలా బిళ్లంత. అచ్చులో ఎరుపు కాస్త పక్కకు జరగడంతో సీతమ్మ పెదవుల రంగు చెంప మీదికి పాకింది. మడత విప్పితే రెండు వైపులా కీర్తనల పేర్లు, రాగం, తాళం. బొమ్మ వేసినవారి పేరు ఎక్కడా లేదు.

ఆ అట్ట మీద రామదాసు కూడా లేడు. ఎలా ఉంటాడు? ఆయన ముఖం ఎవరు చూశారు గనక? 1964లో చిత్తూరు నాగయ్య ‘రామదాసు’ తీసి తానే ఆ వేషం కట్టారు. 2006లో ‘శ్రీరామదాసు’ వచ్చింది. ఇప్పుడు రామదాసు అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది నాగార్జునే. పాట గోపన్నది, గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. వాగ్గేయకారుడి రూపం మనకు అందనప్పుడు సినిమా వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది.

నిజానికి ఈ కీర్తనలకు తొలి అట్ట గోల్కొండ కోటలో ఉంది. రామదాసు బందిఖానా అని చూపించే చీకటి గదిలో రాతి గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు కనిపిస్తారు. వాటిని గోపన్నే చెక్కాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ మాట మాకు ఎంతో ఇష్టం. పాడేవాడు తన పాటకు తానే బొమ్మ వేసుకున్నాడు. తన ముఖం వేసుకోలేదు, ఎవరిని తలచి పాడాడో ఆ రూపం వేసుకున్నాడు. అట్ట మీది బొమ్మ చేయవలసిన పని కూడా అదే. పాడేవాడు ఎక్కడ నిలబడి, ఎవరికోసం పాడుతున్నాడో పాట వినకముందే చెప్పాలి.

రికార్డు కవర్ల చరిత్ర చెప్పేవారు అమెరికాతో మొదలుపెడతారు. ఒకప్పుడు రికార్డులను ఫొటోల ఆల్బమ్ లాంటి అట్ట పుస్తకంలో పెట్టి అమ్మేవారు, ఆల్బమ్ అనే పేరు అలా వచ్చిందే. కొలంబియా కంపెనీలో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రవాడు ఆ బోసి అట్టల మీద బొమ్మలు వేయించాలని పట్టుబట్టి సాధించాడు. గొప్ప పనే. కానీ పాటకు బొమ్మ తోడుండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. చేర్యాల నకాషీలు కులపురాణాలు చెప్పేవారికోసం మూడడుగుల వెడల్పున, నలభై అడుగులకు పైగా పొడవున పటాలు గీశారు. కథ నడిచేకొద్దీ పటం విప్పుతూ పోయేవారు.

భద్రాచలం అడవి అంచున అయితే పడిగె ఉంది. త్రికోణపు గుడ్డ మీద కోయల గట్ల (వంశశాఖల) పెద్దలు, వీరులు, వేల్పులు. డోలు వాయించేవారు దాన్ని చూపిస్తూ ఆ ఇంటివారి పుట్టుక పాడతారు. మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ విద్యలో పెద్ద. సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. పడిగెను అలంకారం అనుకుంటే పొరపాటు. ఎవరి కథ, ఏ గట్టు, ఏ వేల్పు అన్నది దాని మీదే ఉంటుంది. ఏ పెద్ద కంపెనీ కవరూ అంత నిక్కచ్చిగా చిరునామా చెప్పలేదు.

క్యాసెట్ కాలంలో ఆ పని ఒంటిచేత్తో చేసినవాడు ప్రజాగాయకుడు గద్దర్. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ముఖం వేయకుండా నల్లటి నీడ గీసినా చాలు, పసిపిల్లలు కూడా పేరు చెప్పేవారు. ఆ రూపాన్ని ఏ కంపెనీ బొమ్మల శాఖా కుదర్చలేదు. గొంగడి గొల్లకురుమలది, మందల వెంట తిరిగే మనిషిది. వేదిక ఎక్కకముందు నుంచీ అది జనంలో ఉన్నదే. అందుకే అట్ట మీదికి వచ్చినా వేషంలా అనిపించలేదు. దాన్ని చూసి గొంగడి కప్పుకుని ఫొటోలు దిగినవారు తర్వాత చాలామంది వచ్చారు. కప్పుకున్నవాడెవరో అరువు తెచ్చుకున్నవాడెవరో ఆ అరచేయంత అట్ట దాచలేదు.

ఒక్కోసారి బొమ్మే అక్కర్లేదు. 2007 జూలై 28న ముదిగొండలో పేదలకు భూమి, ఇళ్లస్థలాల కోసం సాగిన పోరాటంలో పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు ప్రాణాలు పోయాయి. ఆ రోజు తర్వాత ఎర్ర అట్ట మీద ‘ముదిగొండ’ అని నాలుగక్షరాలు రాస్తే చాలు, లోపలి పాట ఏమిటో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

గ్రామఫోను రికార్డు కవరు అటు అడుగు, ఇటు అడుగు. క్యాసెట్‌కు వచ్చేసరికి అరచేయి. ఇప్పుడు ఫోన్‌లో బొటనవేలి గోరంత. చోటు తగ్గినందుకు మాకు బాధ లేదు. ఆ గోరంత చోటులో ఎవరున్నారన్నదే బాధ. జానపద గీతమని పెట్టిన వీడియోల్లో ఎక్కువ వాటి మీద మెరిసే బట్టల్లో నాట్యం చేసే జంట ఉంటుంది. పాడిన అమ్మాయి పేరు కళ్లు చికిలిస్తేగానీ కనబడదు. నాట్లలో ఆ పాట కట్టిన అవ్వ ఊసే ఉండదు. చూడగానే అన్నీ ఒకే ఊరి పాటల్లా ఉంటాయి. పాలేరు ఆయకట్టు పాటకూ మన్యం పాటకూ తేడా తెలియని బొమ్మ, పాటకు ద్రోహం చేసినట్టే.

కొత్తగా పాటలు చేస్తున్న పిల్లలకు మా మాట ఒకటే. పాట దొరికిన ఊరి పేరు పెద్దగా రాయండి. పాడినవారి ముఖం, వాయించిన వాద్యం ముందుకు తెండి. బొమ్మ వేసినవారి పేరు వదలకండి.

ఇక పాఠకులకు. మీ అటక మీద పాత క్యాసెట్లుంటే, టేపు తెగిపోయినా సరే, కవర్లు పారేయకండి. రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి. ఆ బొమ్మ వేసింది మీకు తెలిసిన పెయింటరైతే, ఆయన పేరు అట్ట వెనక పెన్సిల్‌తో రాసి ఉంచండి.