తత్వశాస్త్రం చదువుతున్న బిడ్డకు తొలి పాఠం

ఒక తల్లి మాకు రాసిన ఉత్తరం కొన్ని వారాలుగా మా బల్లపైనే ఉంది. ఆమె కుమార్తె డిగ్రీలో చేరి, తత్వశాస్త్రాన్ని ఒక పాఠ్యాంశంగా తీసుకుంది. ఒక రాత్రి భోజనాల వేళ, "అమ్మీ! కలలో ఉన్నంతసేపూ అది కల అని మనకు తెలియదు కదా. మరి ఇప్పుడు చూస్తున్నది నిజమని ఎలా చెప్పగలం?" అని అడిగిందట. "ఇలాంటి మాటలు ఈమాన్‌ను పోగొడతాయి, తౌబా చేసుకో" అని తల్లి గద్దించారు. ఆనాటి నుండి ఆ అమ్మాయి ఏమీ అడగడం లేదు. నమాజు మానలేదు, పెద్దల మాటకు ఎదురు చెప్పడం లేదు. కాని తల్లి గదిలోకి రాగానే పుస్తకం మూసేస్తోంది. "చదువు మాన్పించమంటారా?" అన్నది ఆమె ప్రశ్న.

మాన్పించవద్దని ముందే మనవి చేస్తున్నాము. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న అవిశ్వాసుల నుండి అరువు తెచ్చుకున్నది కాదు. సుమారు తొమ్మిది వందల సంవత్సరాల క్రితం ఇమామ్ గజాలీ (రహ్మలై) తనను తాను అడుగుకున్న ప్రశ్నే అది. 1058లో తూస్‌లో జన్మించి, 1091లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్య పదవిని అధిష్ఠించిన ఆ మహనీయుడు, జీవిత చరమ దశలో రాసిన 'అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్' గ్రంథంలో తన సత్యాన్వేషణను దాపరికం లేకుండా వివరించారు. కంటికి నక్షత్రం ఒక దీనారమంత కనిపిస్తుంది. అది భూమికన్నా పెద్దదని గణితం నిరూపిస్తుంది. నీడ కదలనట్లే కనిపిస్తుంది. కొంతసేపటి తర్వాత చూస్తే జరిగి ఉంటుంది. ఇంద్రియాలు ఇలా మోసగిస్తే, వాటి తప్పును పట్టిన బుద్ధి మాత్రం మోసపోదని హామీ ఏమిటి? కలను ఉదాహరణగా తీసుకుని ఆయన ఈ సంశయాన్ని మరింత లోతుకు తీసుకుపోయారు. దాదాపు రెండు నెలలు ఆ స్థితిలోనే ఉన్నారు. పైకి మాత్రం ఎవరితోనూ ఆ మాట అనలేదు. చివరికి తన హృదయంలో అల్లాహ్ ప్రసరింపజేసిన కాంతి వల్లనే ఆ వ్యాధి నుండి కోలుకున్నానని రాసుకున్నారు.

అంతటి ఇమామే రెండు నెలలు మౌనంగా ఆ బాధను అనుభవించి ఉంటే, పద్దెనిమిదేళ్ల బిడ్డ భోజనాల వేళ దానిని బయటికి చెప్పడం తల్లిదండ్రులకు దక్కిన అనుగ్రహమే కదా! ప్రశ్న అడిగే బిడ్డ ఇంకా మన చేరువలోనే ఉంది. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహి) సయితం మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని తన ప్రభువును అర్థించారు. విశ్వాసం లేక కాదు, హృదయానికి నెమ్మది కోరి. దివ్యఖుర్ఆన్ ఆ సంభాషణను మనకు వినిపించింది, ఆ ప్రశ్నను తప్పుపట్టలేదు.

అయితే ఏ పుస్తకాన్నయినా ఎలాగైనా చదువుకొమ్మని వదిలివేయాలా? అదీ కాదు. ఇమామ్ గజాలీ (రహ్మలై) నడిచిన తీరే విద్యార్థికి నేర్పదగిన తొలి పాఠమని మా అభిప్రాయం. ఒక విద్యను దాని నిపుణులతో సమానంగా ఎరుగనిదే దానిలోని లోపాన్ని పట్టలేమని ఆయన నమ్మారు. మూడు వందల మంది విద్యార్థులకు బోధిస్తూనే, తీరిక వేళల్లో, గురువు లేకుండా, రెండేళ్లలోపే తత్వవేత్తల గ్రంథాలను చదివారు. మరో ఏడాది వాటిని మననం చేశారు. తత్వవేత్తల ఉద్దేశ్యాలను వారి మాటల్లోనే వివరిస్తూ 'మఖాసిదుల్ ఫలాసిఫా' రాశారు. ఖండన గ్రంథం 'తహాఫుతుల్ ఫలాసిఫా' వేరుగా వెలువడింది. మొదటి గ్రంథంలో వివరణ ఎంత నిష్పక్షపాతంగా ఉందంటే, లాటిన్ అనువాదంలో దానిని చదివిన ఐరోపా పండితులు ఆయనను కూడా ఆ తత్వవేత్తల అనుయాయిగానే భావించారు! ప్రత్యర్థి వాదాన్ని ఇంత న్యాయంగా చెప్పగలవారు నేటి మన వేదికలపై ఎందరున్నారు?

ఆయన తత్వవేత్తల విద్యలన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. గణితం, తర్కం, ప్రకృతి శాస్త్రం, దైవ సంబంధ చర్చ, రాజనీతి, నైతిక శాస్త్రం అని ఆరుగా విభజించి, వేటికవే పరిశీలించారు. ఈ సందర్భంలో ఇద్దరిని హెచ్చరించారు. గణితంలో వీరు ఇంత కచ్చితంగా ఉన్నారు కనుక ధర్మం విషయంలోనూ వీరి మాటే సరైనదని మురిసిపోయేవాడు ఒకడు. ధర్మాన్ని కాపాడుతున్నానని తలచి, గ్రహణాల లెక్కను సయితం కాదనే అజ్ఞాన మిత్రుడు మరొకడు. ఈ రెండవవాడి వల్ల, గ్రహణం లెక్క రుజువుతో తెలిసినవాడు ఇస్లాం పునాదే అజ్ఞానమని అపోహపడతాడు. మన ఇళ్లలో మొదటి ప్రమాదానికి భయపడినంతగా రెండవదానికి భయపడటం లేదు. గద్దింపులన్నీ ఆ రెండవ కోవలోకే వస్తాయని చెప్పడానికి మాకూ సంకోచంగానే ఉంది.

భయానికి కూడా ఆయన చోటిచ్చారు. ఈత రానివాణ్ణి ఒడ్డుకు దూరంగా ఉంచాలి. గజ ఈతగాణ్ణి ఆపనక్కరలేదు. పాములవాడు తన పసికొడుకు ఎదుట పామును పట్టుకోరాదు. దొంగ నాణేల సంచిలో చేయిపెట్టి మేలిమి బంగారాన్ని వేరుచేయడం నేర్పరి అయిన సర్రాఫ్ పని. మన తెలుగులో 'షరాబు' అన్న మాట ఆ అరబీ పదం నుండి వచ్చినదే. అయితే షరాబు కొడుకు కూడా ఏదో ఒకనాడు తండ్రి పక్కన కూర్చుని గీటురాయి పట్టుకోవలసిందే కదా.

ఈ విద్యలు మన ప్రాంతానికీ పరాయివి కావు. 1888లో హైదరాబాద్‌లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఫారాబీ, ఇబ్ను రుష్ద్ వంటివారి రచనలను అరబీలో ముద్రించి లోకానికి అందించింది. వాటి పేర్లయినా మన పిల్లలకు పాశ్చాత్య పాఠ్యపుస్తకాల ద్వారానే తెలియడం విచారకరం.

ఆ తల్లికి మేము రాసిన సమాధానం ఇది. సోదరీ! ముందుగా మీ అమ్మాయి వద్దకు వెళ్లి, ఆ రాత్రి తొందరపడ్డానని చెప్పండి. ఆమె ప్రశ్నకు జవాబు మీకు తెలియకపోతే తెలియదనే చెప్పండి. తెలియని సంగతిని తెలియదనడం మన ఉలమాల సంప్రదాయమే. ఇషా నమాజు తర్వాత వారానికి ఒక్కనాడు, ఆమె చదివిన పాఠాన్ని మీకు చెప్పమనండి. ఆ తత్వవేత్త ఏమన్నాడో మొదట అతని పక్షాన చెప్పాలి. అందులో రుజువైనది ఎంత, ఊహించినది ఎంత అన్నది తర్వాత. దివ్యఖుర్ఆన్ దానిని గురించి ఏమంటుందన్నది ఆ తర్వాత. ఈ వరుస తప్పకుండా చూడండి. మీ ఊరి ఆలిమ్‌లలో ఓర్పుగా వినేవారెవరో ముందుగానే తెలుసుకుని ఉంచండి.

పది రోజుల క్రితం రెండవ ఉత్తరం వచ్చింది. తల్లి మాట విని అమ్మాయి మొదట నమ్మలేదట. తర్వాత పుస్తకం తెచ్చి ముందు పెట్టిందట. ఇప్పుడు కొత్త ప్రశ్న: ఇమామ్ గజాలీ ఖండనకు ఇబ్ను రుష్ద్ 'తహాఫుతుత్ తహాఫుత్' పేరిట జవాబు రాశారు కదా, ఖుర్తుబాలో ఖాజీగా పనిచేసిన ఆయన కూడా విశ్వాసే కదా, మరి ఇద్దరిలో ఎవరిది సరైన మాట? తల్లి తెలియదన్నారట. వచ్చే నెల ఈ శీర్షికలో ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాము, ఇన్షా అల్లాహ్.