స్విచ్చిలో స్ప్రింగు: చిన్నదని వదిలేయకండి



డ్యూటీ అయిపోయి, బస్సు దిగి, చీకటి రూములోకి వచ్చి గోడ మీద చెయ్యి వేస్తాం. టక్కుమంటుంది, లైటు వెలుగుతుంది. ఆ చప్పుడు గురించి మనలో ఎవరూ ఆలోచించరు. కిందటి వారం ఎలక్ట్రికల్ హెల్పరుగా చేస్తున్న ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అన్నా, మా రూములో స్విచ్చి టక్కుమనడం మానేసింది. మధ్యలో నిలబడిపోతోంది. లైటయితే వెలుగుతోంది. వాడుకోవచ్చా, మార్చాలా? క్యాంపు బాసుకు చెబితే, లైటు వెలుగుతోంది గదా, ఇంకేం కావాలి అంటున్నాడు."

మార్చాలి తమ్ముడూ. ఎందుకు మార్చాలో ఈ వారం చెప్పుకుందాం. ఇది ఒక్క రూము సంగతి కాదు. మనం రోజూ నొక్కే ప్రతి బటన్ సంగతి ఇదే.

టక్కుమనేది ఏమిటి?

కరెంటు పారుతున్న రెండు లోహపు ముక్కలను విడదీస్తే వాటి మధ్య చిన్న మెరుపు లేస్తుంది. వెల్డింగు చేసే సోదరులకు ఇది చెప్పనక్కర్లేదు. మెల్లగా విడదీస్తే మెరుపు ఎక్కువసేపు నిలుస్తుంది. ముక్కల మొహాలు కాలి నల్లబడతాయి, గుంటలు పడతాయి. బాగా కాలితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా. చటుక్కున విడదీస్తే మెరుపు వెంటనే తెగిపోతుంది.

కానీ స్విచ్చి నొక్కే వేళ్లన్నీ ఒకలా ఉండవు. ఒకరు గట్టిగా నొక్కుతారు, ఒకరు నిద్రమత్తులో మెల్లగా నొక్కుతారు. వేలి వేగాన్ని నమ్మలేం కాబట్టే లోపల స్ప్రింగు పెట్టారు. మన వేలు ఆ స్ప్రింగును అదిమిపెడుతుంది. సగం దూరం దాటగానే మిగతా దూరం అదే తన బలంతో దూకుతుంది. ఊళ్లో ఎలుకల బోను చూసే ఉంటారు. ఎలుక ఎర ముట్టుకున్నంత వరకే దాని పని, తలుపు మూసేది స్ప్రింగు. ఇక్కడా అంతే. ఆ దూకుడు చప్పుడే మనకు వినిపించే టక్కు.

ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో 1884లో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజినీరు ఇలా చటుక్కున విడిపోయే స్విచ్చిని తయారు చేశాడు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఫ్రీపోర్ట్ అనే ఊళ్లో 1932లో మెక్‌గాల్ అనే ఆయన దాన్ని ఇంకా చిన్నగా చేశాడు. వెంట్రుకవాసి కదిలినా టక్కున దూకే ఆ స్విచ్చినే మైక్రోస్విచ్చి అంటాం. ఓవెన్ తలుపులో, లిఫ్టులో, కంప్యూటర్ మౌస్‌లో ఉండేది అలాంటిదే.

స్ప్రింగుకు ఇంకో పని కూడా ఉంది. వదిలేస్తే వెనక్కి రావడం. డ్రిల్లు మిషను ట్రిగ్గరు వదిలితే ఆగేది స్ప్రింగు వల్లనే. పెద్ద మోటార్ల ప్యానెల్లో రిలేలు, కాంటాక్టర్లు ఉంటాయి గదా, వాటిలో కాయిలుకు కరెంటు వస్తే అయస్కాంతమై కాంటాక్టును లాగి పట్టుకుంటుంది. కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. అలాంటి స్టార్టరు ఉన్న మిషను దగ్గర కరెంటు పోయి వచ్చినా మిషను తనంతట తాను తిరగదు. మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కాల్సిందే. అప్పటికి ఎవరైనా లోపల చెయ్యి పెట్టి ఉంటే, ఆ చేతిని కాపాడింది ఆ స్ప్రింగే.

స్ప్రింగు మెత్తబడితే ఏమవుతుంది? స్విచ్చి చెడిపోతుంది, అంతేగా అనుకుంటాం. అమెరికాలో ఒక పెద్ద కార్ల కంపెనీ కూడా సరిగ్గా అలాగే అనుకుంది. దాని వల్ల జరిగింది తెలిస్తే క్యాంపు బాసుకు ఏం జవాబు చెప్పాలో తెలుస్తుంది.

తాళంచెవి బరువుకు తిరిగిపోయిన స్విచ్చి

కారు నడిపే సోదరులకు తెలుసు. తాళంచెవి పెట్టి తిప్పితే ఒక్కో చోట చిన్నగా టక్కుమని ఆగుతుంది. ఆగేది ఎలాగంటే, లోపల స్ప్రింగు తోస్తున్న ఒక చిన్న పిన్ను గాడిలో పడుతుంది. ఇంజిను నడిచే స్థానంలో తాళంచెవి కదలకుండా నిలబడాలంటే ఆ స్ప్రింగుకు బలం ఉండాలి.

జనరల్ మోటార్స్ కంపెనీ కొన్ని చిన్న కార్లకు వాడిన ఇగ్నిషన్ స్విచ్చిలో ఆ బలం చాల్లేదు. కంపెనీ తనే పెట్టుకున్న కొలత కన్నా తక్కువ ఉన్నా ఆ స్విచ్చికి 2002లో ఆమోదం దొరికింది. శాటర్న్ అయాన్, షెవర్లే కోబాల్ట్ వంటి కార్లలో దాన్ని బిగించారు. తాళాల గుత్తి బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, కారు గతుకులో పడినా స్విచ్చి వెనక్కి తిరిగేది. నడుస్తున్న కారులో ఇంజిను ఆగిపోయేది. స్టీరింగు బిగుసుకునేది, బ్రేకు గట్టిపడేది. అన్నిటికన్నా ఘోరం, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కారు ఆగి ఉందనుకుని అవీ ఊరుకునేవి.

ఫిర్యాదులు రాకపోలేదు. కోబాల్ట్ కారు బజారుకు వచ్చిన కొద్ది నెలలకే వచ్చాయి. 2005లో స్విచ్చి మార్చే ఆలోచన కూడా చేశారు. ఒక్కో స్విచ్చికి 90 సెంట్ల వరకు ఎక్కువ ఖర్చవుతుందని లెక్క తేలింది. అంటే డాలరు కూడా కాదు. అంత ఖర్చు దండగని వదిలేశారు. దానికి బదులు, తాళాల గుత్తికి బరువులు తగిలించవద్దని కస్టమర్లకు చెప్పమంటూ 2005 డిసెంబరులో డీలర్లకు కాగితం పంపారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. నడుస్తూ నడుస్తూ ఇంజిను ఆగిపోవడాన్ని కంపెనీలో వాళ్లు "కస్టమరు సౌకర్యం" కింద రాసుకున్నారు. "భద్రత" కింద రాయలేదు. సౌకర్యం అంటే ఖర్చు చూసి తీరిగ్గా ఆలోచించవచ్చు. భద్రత అంటే వెంటనే పరుగెత్తాలి. తప్పు ఖాతాలో రాసిన ఆ ఒక్క మాటే ఏళ్ల తరబడి మనుషులను బలిగొంది.

చెప్పకుండా చేసిన మార్పు

2006లో స్విచ్చి బాధ్యత చూసే ఇంజినీరు మార్పుకు సంతకం పెట్టాడు. కొత్త వాటిలో స్ప్రింగును, పిన్నును పొడుగు చేశారు. మంచి పనే కదా అంటారేమో. కానీ పార్టు నంబరు మార్చలేదు. పాతదీ కొత్తదీ ఒకే నంబరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. దాంతో పాత స్విచ్చి ఉన్న కార్లు ఎవరికీ తెలియకుండా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ప్రమాదాలను పరిశీలించిన కంపెనీ వాళ్లకే కొన్నేళ్ల తర్వాత వచ్చిన కార్లలో ఈ జబ్బు ఎందుకు లేదో అంతుపట్టలేదు.

2010 మార్చిలో జార్జియా రాష్ట్రంలో ఒక యువ నర్సు తన కోబాల్ట్ కారులో వెళ్తూ ప్రమాదంలో చనిపోయింది. ఇంజిను ఆగిపోతోందని కొద్ది రోజుల ముందే ఆమె కారును రిపేరుకు ఇచ్చింది. కారులోని రికార్డు తీసి చూస్తే, గుద్దుకునేటప్పటికి స్విచ్చి నడిచే స్థానంలో లేదు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వాళ్ల లాయరు పెట్టుకున్న మార్క్ హుడ్ అనే ఇంజినీరు చేసిన పని చాలా సాదాది. బజారులో అదే నంబరు స్విచ్చి కొత్తది కొన్నాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ విప్పి పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో స్ప్రింగు పొట్టి, ఒకదాంట్లో పొడుగు. అంత పెద్ద కంపెనీలో అన్నేళ్లు తేలని సంగతి అలా తేలింది.

2014లో కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచింది. మొత్తం దాదాపు 26 లక్షల కార్లు. కంపెనీ అధిపతి మేరీ బారా ఆ ఏప్రిల్‌లో అమెరికా పార్లమెంటు ముందు నిలబడి క్షమాపణ చెప్పింది. కంపెనీ తరఫున విచారణ జరిపిన లాయరు యాంటన్ వలూకస్ నివేదిక వచ్చాక 15 మంది ఉద్యోగాలు పోయాయి. పరిహారం చూడడానికి పెట్టిన కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే లాయరు దరఖాస్తులన్నీ పరిశీలించి, 124 మరణాలకు, 275 మంది గాయాలకు పరిహారం ఇవ్వాలని తేల్చాడు. 2015లో కేసు ముగించుకోవడానికి కంపెనీ ప్రభుత్వానికి 90 కోట్ల డాలర్లు కట్టింది. మనుషుల మీద మాత్రం ఎవరి మీదా క్రిమినల్ కేసు లేదు.

90 సెంట్ల దగ్గర చూసుకుంటే 90 కోట్ల డాలర్లయింది. డబ్బు సంగతి వాళ్లు చూసుకుంటారు. పోయిన 124 మంది ఇళ్ల సంగతి ఎవరు చూస్తారు?

మన సైటులో, మన రూములో

అంత పెద్ద కంపెనీ కథ మనకెందుకు అనకండి. ఆ కథలోని తప్పులు మన దగ్గర రోజూ జరుగుతున్నాయి.

మేము సైటులో పనిచేసే రోజుల్లో మాతో ఉన్న ఒకాయన, సిరిసిల్ల వైపు మనిషి, గ్రైండరు బటన్ పట్టుకుని పట్టుకుని వేళ్లు నొప్పి పెడుతున్నాయని దాని మీద టేపు చుట్టేశాడు. స్ప్రింగు పనిని టేపుతో ఆపేశాడన్నమాట. డిస్కు ఇనుములో ఇరుక్కుని గ్రైండరు చేతిలోంచి ఎగిరింది. టేపు లేకపోతే చెయ్యి వదలగానే బటన్ లేచి కరెంటు తెగేది. ఆ రోజు కింద పడ్డాక కూడా తిరుగుతూనే ఆయన తొడను కోసింది. నాలుగు నెలలు మంచం దిగలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా జ్వరమనే చెప్పాడు. కాబట్టి ఏ బటన్‌కూ టేపు చుట్టకండి, పుల్ల దోపకండి, తీగ కట్టకండి. చెయ్యి నొప్పి పెడితే మధ్యలో ఆపండి.

మిషను మొదలుపెట్టే ముందు బటన్ నొక్కి వదిలి చూడండి. చటుక్కున పైకి రావాలి. మెల్లగా లేచినా, సిమెంటు దుమ్ముకు ఇరుక్కున్నా ఆ మిషను ముట్టుకోకండి. ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ బటన్ పనిచేస్తోందో లేదో ఫోర్మన్‌కు చెప్పి షిఫ్టు మొదట్లోనే చూపించుకోండి. అందులో ఒక విశేషం ఉంది. నొక్కితే బటన్ కాడే నేరుగా కాంటాక్టును తోసి విడదీసేలా దాన్ని చేస్తారు. విడదీసే పనిని స్ప్రింగుకు వదలరు. స్ప్రింగు ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుందని తయారు చేసినవాళ్లకే తెలుసు.

అందుకే ఏ మిషనులోనైనా చెయ్యి పెట్టి శుభ్రం చేయాలన్నా, బ్లేడు మార్చాలన్నా స్టాప్ బటన్‌ను నమ్మకండి. కాంటాక్టు అతుక్కుపోయి ఉంటే స్ప్రింగు ఎంత తోసినా విడదు. మెయిన్ ఆపాలి, తాళం వేయాలి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. అమెరికాలో ఇలా తాళం వేసి చీటీ కట్టాలన్న నియమాన్ని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా 1989లో తెచ్చింది. మీ సైటులోనూ తాళాలు, చీటీలు ఉన్నాయేమో అడగండి. అడగడం తప్పు కాదు.

రిపేరు చేసే సోదరులకు ఒక మాట. పార్టు మార్చితే దాని మీద తేదీ రాయండి. తర్వాతి షిఫ్టు వాళ్లకు చెప్పండి. అదే రకం మిషన్లు ఇంకా ఎన్ని ఉన్నాయో చూసి వాటి సంగతీ చెప్పండి. మీరు ఒకటి బాగుచేసి ఊరుకుంటే, పక్కనున్న పాతది ఇంకొకరి కోసం కాచుకుని ఉంటుంది.

ఇక ఆ తమ్ముడి రూము సంగతి. మధ్యలో నిలబడే స్విచ్చి అంటే లోపల కాంటాక్టు పూర్తిగా కలవడమూ లేదు, పూర్తిగా విడిపోవడమూ లేదు. అక్కడ వేడి పుడుతుంది. ప్లాస్టిక్ వాసన, స్విచ్చి చుట్టూ పసుపు మరక, ముట్టుకుంటే వెచ్చదనం, చిటచిట చప్పుడు, వీటిలో ఏది కనిపించినా ఆ లైను ఆపేయండి. ఎలక్ట్రీషియన్ కానివాళ్లు విప్పకండి. ఎనిమిది మంది నిద్రపోయే రూములో, మంచాల పక్కన దుప్పట్లు వేలాడే చోట ఒక స్విచ్చి కాలితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు.

క్యాంపు బాసు దగ్గరికి వెళ్లినప్పుడు "స్విచ్చి బాగాలేదు" అనకండి. అలా అంటే ఆయన సౌకర్యం ఖాతాలో రాసుకుంటాడు. "కాంటాక్టు కాలుతోంది, రూముకు మంట అంటుకోవచ్చు" అని చెప్పండి. రూము నంబరు, తేదీ వేసి కాగితం మీద రాసి ఇవ్వండి. రూములో అందరూ సంతకాలు పెట్టండి. ఒక ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. మర్యాదగా చెప్పండి, కానీ మార్చేదాకా చెప్పండి.

ఆ తమ్ముడు ఈ పేపరు చదువుతున్నాడని మాకు తెలుసు. తమ్ముడూ, కాగితం రాయడం రాకపోతే శుక్రవారం మా దగ్గరికి రా, కూర్చుని రాద్దాం. స్విచ్చి మార్చారో లేదో వచ్చే వారం ఇక్కడే అందరికీ చెబుతాం.