రోడ్డు కింద గుడ్డ

కొత్త రోడ్డు రెండు వానలకే కుంగితే తిట్లన్నీ తారుకే పడతాయి. తప్పు చాలాసార్లు అడుగున ఉంటుంది. నల్లరేగడి తడిస్తే మెత్తబడి కంకర సందుల్లోకి ఎక్కుతుంది, కంకర కిందికి దిగిపోతుంది. ఈ రెండూ కలవకుండా మధ్యలో పరిచే గుడ్డే జియోటెక్స్‌టైల్. ఫైర్‌వాల్ లాంటిదన్నమాట: నీళ్లని పోనిస్తుంది, మట్టిని ఆపుతుంది.

బరువు మోయాలంటే నేసిన రకం. నీళ్లు వడకట్టాలంటే కంబళిలా ఉండే నాన్‌వోవెన్. మిద్దెతోటల్లో మట్టి కింద వేసేది ఇదే. గట్ల వాలు మీదైతే కొబ్బరి పీచు వల. గడ్డి వేళ్లు పట్టేదాకా కాపాడి, తర్వాత మట్టిలో కలిసిపోతుంది. 2020లో కేంద్రం పల్లె రోడ్లకూ పీచు గుడ్డని ఓకే చేసింది.

మీ ఊళ్లో రోడ్డు పడుతోందా? ఎస్టిమేట్‌లో గుడ్డ ఉందేమో అడగండి. ఉంటే, కంకర పడకముందే ఫొటో తీయండి. తారు పడ్డాక వేశారో లేదో ఎవరికీ కనపడదు.